వెనక సీటు బ్రేకు

నేను పిరికిదాన్ని. ఈ ముక్క ముందే చెప్పేస్తే మంచిది. సెలవు రోజున కొండ దారుల్లో సైకిలు తొక్కుతానని తెలిసినవాళ్ళంతా నన్నేదో ధైర్యవంతురాలి కింద జమకడుతున్నారు.

నేను పనిచేసేది ఆసుపత్రి బట్టల గదిలో. వార్డుల దుప్పట్లు, దిండు గలీబులు, ఆపరేషను గది నుంచి వచ్చే ఆకుపచ్చ గౌన్లు ఉతుకు యంత్రంలోంచి తీసి, ఆవిరి రోలరు కిందికి తోసి, మడతలు పెట్టి అరల్లో సర్దాలి. ఆ రోలరన్నా నాకు భయమే. వేళ్ళు లాక్కుంటుందేమోనని దుప్పటి అంచుని గోళ్ళతో పట్టుకుని తోస్తాను. పక్కన మడతలు పెట్టే ఆవిడ, దానికేమైనా కోరలున్నాయా అని రోజూ ఎగతాళి చేస్తుంది. లిఫ్టంటే భయం. కుక్కలంటే భయం. గ్యాసు కట్టేశానో లేదో అని సగం దారిలోంచి ఇంటికి పరిగెత్తిన రోజులున్నాయి. వీటన్నిటికీ మించి దిగుడు రోడ్డంటే భయం. ఎక్కుడు ఎంతున్నా తొక్కుతాను. ఆయాసమే కదా, ఆగితే తగ్గుతుంది. దిగేటప్పుడు మాత్రం నా పై ప్రాణాలు పైనే పోతాయి.

మా ఆడపడుచుకి ఆ బాధ లేదు. మా ఆయనకి ఒక్కతే చెల్లెలు. పుట్టుకతోనే చూపు లేదు. మా ఆసుపత్రిలోనే టెలిఫోను బోర్డు దగ్గర కూర్చుంటుంది. చిన్నప్పుడు అన్నగారి సైకిలు గంట చేతికి దొరికితే వదిలేది కాదట, అందుకని ఇంట్లో అందరికీ ఆమె గంట. నేను కాపరానికి వచ్చిన రోజున, కొత్త వదినకి నోరెక్కువేనా అని అడిగిన మనిషి. ఎక్కువే అన్నాను. అప్పట్నుంచీ మా ఇద్దరికీ పడింది.

మా ఆయన వెల్డరు. పాత సైకిళ్ళు రెండు కోసి, ఒకదాని వెనక ఒకటి అతికి, జంట సైకిలు చేశాడు చెల్లెలి కోసం. మొదట్లో ముందు సీటు ఆయనదే. రెండు ఆదివారాలు అన్నాచెల్లెళ్ళు బాగానే వెళ్ళొచ్చారు. మూడో ఆదివారం చెల్లెలు బస్సులో వచ్చింది, అన్న సైకిలు నడిపించుకుంటూ వచ్చాడు. ఆయన మాట్లాడడు. గుంట వస్తోందని చెప్పడు, మలుపు వస్తోందని చెప్పడు. గోడ వెనక కూర్చుని తొక్కినట్టుంది అంది గంట. దాంతో బండి నా మెడకి చుట్టుకుంది.

ఆ సైకిలు సంగతి కొంచెం చెప్పాలి. వెనక హ్యాండిలు తిరగదు. అది నా సీటు కింది గొట్టానికే అతికి ఉంటుంది, ఊరికే పట్టుకోవడానికి. నా చేతుల్లో ఉన్నవి మామూలు రబ్బరు బ్రేకులు. ఇద్దరి బరువుతో కొండ దిగేటప్పుడు అవి చాలవు. అదేపనిగా నొక్కితే రింగు వేడెక్కి ట్యూబు పేలిపోతుంది. అందుకని మా ఆయన పాత మోపెడు చక్రంలోంచి డ్రమ్ము బ్రేకు తీసి మా వెనక చక్రానికి వేశాడు. దాని లివరు వెనక హ్యాండిలుకి ఉంటుంది. అంటే దారి చూసేది నేను, వేగాన్ని పట్టి ఉంచేది గంట. నా కళ్ళు, ఆమె చెయ్యి.

నాతో వచ్చిన చిక్కు వేరు. నేను నోరు ఆపను. మొదటి దిగుడులో అదిగో రాయి, ఇదిగో మలుపు, అమ్మో ఎంత ఏటవాలు, చెట్టు ఎంత బాగుందో చూడు అంటూ గుక్క తిప్పుకోకుండా వాగితే, ప్రతి మాటకీ గంట బ్రేకు నొక్కడం, బండి కుదుపులు తినడం. ఇంటికొచ్చాక ఆమె పంచాయితీ పెట్టింది. వదిన కబుర్లలో పనికొచ్చే మాట ఏదో వెతుక్కునేసరికి కొండ అయిపోతోందని. అప్పుడు ముగ్గురం కూర్చుని ఒక పద్ధతి పెట్టుకున్నాం. దిగుడులో నేను రెండే మాటలు అనాలి. పట్టు అంటే బ్రేకు నొక్కాలి. వదులు అంటే వదలాలి. కాసేపు ఏ మాటా రాకపోతే దారి తిన్నగా, శుభ్రంగా ఉన్నట్టు లెక్క. గంట తనంతట తాను మెల్లగా వదలచ్చు. నా జన్మలో నేను నోరు మూసుకోవడం ఒకరికి మేలు చేసింది ఇదొక్కటే అని మా ఆయన సంబరపడ్డాడు.

దిగుడులో గంట నవ్వుతుంది. ఆ నవ్వు గురించి చెప్పకపోతే ఇదంతా అర్థం కాదు. ఆసుపత్రి మెట్లయినా, వీధిలో కాలిబాటయినా, ఆ పిల్ల అడుగు తీసి అడుగు వేయడానికి ముందు కర్రతో తడుముకోవాలి. ఎక్కడా పరిగెత్తి ఎరగదు. కొండ దిగుతుంటే, గాలి ముఖాన కొడుతుంటే, గొంతు విప్పి నవ్వుతుంది. వింటుంటే నా కడుపు నిండిపోతుంది. అదే సమయంలో నా మోకాళ్ళు గడగడలాడుతుంటాయి. నేను భయపడుతున్నానని తెలిస్తే ఆ నవ్వు ఆగిపోతుందని, ఎన్నాళ్ళయినా ఆ సంగతి బయటపెట్టలేదు. ఆ పిల్లకి నా వల్ల దెబ్బ తగలకూడదు, నా వల్ల భయం తగలకూడదు. ముందు సీటు ఎక్కినప్పుడల్లా నేను మొక్కుకునేది ఇదే.

మాకు కావలసింది బళ్ళు రాని రోడ్లు. గంటకి వెనక నుంచి వచ్చే ప్రతి మోతా వీపు మీదికి వస్తున్నట్టే ఉంటుంది. లారీ రొద ఉంటే నా మాట వినబడదు. అందుకని ఊరి చుట్టూ ఉన్న కొండల్లో ఎవరికీ అక్కర్లేని దారులు వెతికేవాళ్ళం. నీళ్ళ ట్యాంకు వెనక దారి, పాత రాతి గని దారి, తోటల మధ్య నుంచి పోయే సన్న రోడ్డు. బట్టల గదిదాన్ని కదా, నా కొలత నాకుంది. రోడ్డు మధ్యలో దుప్పటి పరుచుకోవచ్చా అని అడుగుతుంది గంట. పరిచి, మడత పెట్టుకుని రావచ్చు అంటే అది మంచి రోడ్డు. పరిచేలోపే హారను వినబడితే అటు మళ్ళీ వెళ్ళం.

పోయిన వారం అంబులెన్సు నడిపే బాబాయి మా బట్టల గదికి దుప్పట్ల కోసం వచ్చి, మేము వెతికే రోడ్డు తనకి తెలుసన్నాడు. కొండ మీది నుంచి అవతలికి పోయే పాత రోడ్డు. కింద సొరంగం తవ్వాక బళ్ళన్నీ అటే పోతున్నాయి. తను ఆ రోడ్డు మీద ఏళ్ళ తరబడి రోగుల్ని మోశాడు, ప్రతి మలుపూ తెలుసు. ఇప్పుడు చీమ కూడా పోదు, దుప్పటేం ఖర్మ, మంచం వేసుకుని పడుకోండి అన్నాడు. గంటకి చెప్తే భోజనం కూడా సహించలేదు, ఎప్పుడెప్పుడు ఆదివారం వస్తుందా అని.

పొద్దున్నే బయల్దేరాం. ఎండ ఇంకా ముదరలేదు. ఎక్కుడు హాయిగా ఉంది. రోడ్డు నిజంగానే మాదే. పగుళ్ళలోంచి గడ్డి మొలిచింది. మధ్య తెల్లగీత అక్కడక్కడా మిగిలింది. ఒక మలుపులో బస్సు ఆగే చోట సిమెంటు బల్ల, దాని మీద తీగ అల్లుకుని కూర్చుంది, ఏదో బస్సు కోసం చూస్తున్నట్టు. గంటకి అన్నీ చెప్తూ తొక్కాను. ఎక్కుడులో నా నోటికి అడ్డు లేదు. ఎంత దూరం పోయినా ఒక్క బండి రాలేదు.

కొండ సగం ఎక్కాక ఒక సంగతి గమనించాను. రోడ్డు మీద చెత్త లేదు. మేము తిరిగే ఏ ఖాళీ దారిలోనైనా ఎవరో ఒకరు పారేసిన బిస్కట్ల కాగితం, నీళ్ళ సీసా, పశువుల పేడ ఉంటాయి. ఇక్కడ అవేవీ లేవు. బండి చక్రాల గుర్తు లేదు. వాన కొట్టుకొచ్చిన ఎర్ర మట్టి రోడ్డుకి అడ్డంగా పేరుకుని, దాని మీద ఒక్క మనిషి అడుగు లేదు. బళ్ళు రావంటే ముచ్చటపడ్డాం. మనుషులే రావడం లేదంటే మాత్రం నాకు భయమేసింది. గంటకి చెప్పలేదు. చెప్పడానికి ఏముంది, చెత్త లేదని భయపడేవాళ్ళు ఉంటారా.

పైకి చేరాక గట్టు మీద కూర్చుని నీళ్ళు తాగాం. గంట రోడ్డు మధ్యకి నడిచి, నిజంగానే వెల్లకిలా పడుకుంది. చేతులు బార్లా చాపుకుని చాలాసేపు విన్నది.

"ఏమీ వినబడట్లేదు వదినా," అంది. "అసలేమీ లేదు. ఇలాంటిది నేనెప్పుడూ వినలేదు."

ఆ పిల్ల ముఖం చూసి, వెనక్కి పోదాం అనే మాట మింగేశాను. ఫోను తీసి చూశాను, సిగ్నలు లేదు. అవతలి వైపు దిగితే పెద్ద రోడ్డు, అక్కడి నుంచి బస్సు. బాబాయి అలాగే చెప్పాడు. ఎక్కి కూర్చున్నాం.

మొదట దిగుడు మెత్తగానే ఉంది. పట్టు అన్నాను, వెనక డ్రమ్ము కీచుమంది, బండి మాట విన్నది. వదులు అన్నాను, గాలి వచ్చింది, గంట నవ్వు మొదలైంది. ఎడమ పక్క కొండ, కుడి పక్క లోయ. గట్టు రాళ్ళు కొన్నిచోట్ల ఉన్నాయి, కొన్నిచోట్ల లేవు. నేను లోయ వైపు చూడకుండా రోడ్డు మీదే చూపు కుట్టేశాను. మోకాళ్ళు ఎప్పట్లాగే వణుకుతున్నాయి. ఒక మలుపు దాటాం, ఇంకోటి దాటాం. ఇనుము వేడెక్కిన వాసన వచ్చింది. ఇంకెంతో లేదులే అని నాకు నేనే చెప్పుకున్నాను.

తర్వాతి మలుపు కొండ పక్కకి ఒరిగి తిరిగింది. తిరిగాక చూస్తే ముందర రోడ్డు లేదు.

కొంచెం ఉంది. లోయ వైపు ముక్కంతా జారిపోయి, కొండ వైపు తలుపు వెడల్పున ఒక పట్టీ మిగిలింది. ఆ పట్టీ కూడా పగిలి కిందికి వాలి ఉంది. విరిగిన తారు అంచు కింద ఏమీ లేదు, గాలి ఉంది. దానికి అవతల, చాలా కింద, రోడ్డు మళ్ళీ మొదలైన చోట ఎర్ర రంగు డ్రమ్ములు అడ్డంగా పేర్చి కనిపించాయి. కింద నుంచి వచ్చేవాళ్ళ కోసం పెట్టారు. పై నుంచి ఎవరొస్తారని పెడతారు? బళ్ళు రాని రోడ్డు పాడైందని చెప్పడానికి కూడా ఎవరూ రారు. ఇదంతా ఆ క్షణంలో ఆలోచించానని చెప్పను. ఆ డ్రమ్ములు మాత్రం కనిపించాయి.

పట్టు అనాలి. ఒక్క మాట. జీవితమంతా అడిగినా అడక్కపోయినా మాట్లాడినదాన్ని. నా నోరు తెరుచుకుంది, అందులోంచి గాలి కూడా రాలేదు. రెండు చేతులా రబ్బరు బ్రేకులు బిగించాను. అవి కుయ్యోమని అరిచాయి, బండి ఆగలేదు. ఇద్దరు మనుషుల బరువు, కొండ తోపు, అవి ఏపాటి. వెనక గంట నా మాట కోసం కాసేపు చూసింది. మాట రాలేదు. దారి శుభ్రంగా ఉన్నట్టే కదా. మలుపులో కొద్దిగా పట్టి ఉంచిన బ్రేకు వదిలేసింది.

బండి ఒక్కసారిగా ముందుకి దూకింది. గంట నవ్వింది. ఎప్పుడూ లేనంత గట్టిగా నవ్వింది. ఆ నవ్వు నా చెవుల్లో ఉంది, కళ్ళ ముందు ఆ గుంట ఉంది. చచ్చిపోతున్నాం అనుకున్నాను. నేను చంపేస్తున్నాను అనుకున్నాను. ఒళ్ళంతా కర్రలా బిగుసుకుపోయింది. హ్యాండిలు తిప్పాలన్న ధ్యాస కూడా పోయింది.

అంతలో నవ్వు తెగిపోయింది. వెనక డ్రమ్ము కర్ణకఠోరంగా అరిచింది. వెనక చక్రం పూర్తిగా బిగుసుకుని, మట్టి మీద జారి, బండి అడ్డం తిరిగింది. భూమి ఎడమ వైపు నుంచి లేచి నా భుజాన్ని కొట్టింది.

కళ్ళు తెరిచేసరికి నేను బోర్లా పడి ఉన్నాను. మోచెయ్యి చర్మం లేచిపోయింది. నోటి నిండా మట్టి. సైకిలు నన్ను వదిలేసి ఇంకొంచెం జారి, వెనక చక్రం గుంట మీదికి వేలాడుతూ ఆగింది. గంట చెయ్యి లివరు వదిలేసింది కదా, జారిన ఊపుకి ఆ చక్రం తిరుగుతోంది. టిక్ టిక్ టిక్ మని చప్పుడు. తారు అంచు నుంచి చిన్న చిన్న రాళ్ళు విడిపోయి పడుతున్నాయి. అవి కింద పడిన చప్పుడు కోసం విన్నాను. రాలేదు.

గంట నాకు ఎగువన, కొండ వైపు పడింది. లేచి నిలబడింది. కర్ర లేదు, ఎక్కడో పడిపోయింది. మోకాలి దగ్గర ప్యాంటు చిరిగి రక్తం కారుతోంది. తల పక్కకి వంచి విన్నది.

"వదినా?"

నేను పలకలేదు. పలకలేకపోయాను. పెదాలు ఆడుతున్నాయి, గొంతు పడిపోయింది.

"వదినా, దెబ్బ తగిలిందా?"

చక్రం టిక్ టిక్ మంటోంది. చుట్టూ ఉన్న ఆ నిశ్శబ్దంలో అదొక్కటే చప్పుడు. సైకిలు ఎక్కడుంటే నేను అక్కడుంటానని అనుకుంది. అటు అడుగు వేసింది. నేను పడి ఉన్నది ఒక పక్కన, చెయ్యి చాపినా అందనంత దూరంలో. ఇంకో అడుగు వేసింది. ఎప్పుడూ అడుగు ముందు తడుముకునే పిల్ల, ఇప్పుడు పాదం నేరుగా వేస్తోంది. నేను ఏమీ అనడం లేదు కదా. వదిన ఏమీ అనడం లేదంటే దారి బాగున్నట్టు. ఆ పిల్లకి అలా నేర్పింది మేమే. నా మౌనాన్ని నమ్ముకుని గుంట మీదికి నడుస్తోంది.

ఆ కొన్ని అడుగులూ నేను పడ్డ బాధ చెప్పలేను. లేవబోతే కాలు మాట వినలేదు. అరవబోతే గొంతు లేదు. ఆగు అనాలి, వెనక్కి పో అనాలి, గుంట ఉంది అనాలి. ఇన్ని మాటల్లో ఏది అనాలో తేల్చుకోలేక నాలుక మడత పడిపోయింది. ఆమె బూటు కొస కింద తారు పెచ్చు ఒకటి కదిలింది.

"పట్టు."

ఏ మాట అనాలో నేను ఎంచుకోలేదు. అరిగిపోయిన మాట, దానంతటదే బయటికి వచ్చింది. గంట రెండు పిడికిళ్ళూ బిగించి, ఎక్కడ ఉన్నది అక్కడే రాయిలా నిలబడిపోయింది. ముందుకి చాపిన పాదం కింద పెట్టలేదు. చేతుల్లో బ్రేకు లేదు, అయినా వేళ్ళు తెల్లబడేదాకా బిగించి పట్టుకుంది.

నేను పాక్కుంటూ వెళ్ళి ఆమె చీలమండ పట్టుకున్నాను. వెనక్కి లాగాను. ఇద్దరం కలిసి కొండ వైపు కాలవలో పడ్డాం. అప్పుడు మాట వచ్చింది నాకు. గుంట, గుంట, రోడ్డు లేదు, రోడ్డు లేదు అని ఎన్నిసార్లు అన్నానో తెలియదు. ఏడుస్తూనే ఉన్నాను. గంట ఏడవలేదు. నా తల తన ఒళ్ళో పెట్టుకుని, ముఖం మీది మట్టి తుడిచింది. చక్రం చప్పుడు ఎప్పుడో ఆగిపోయింది.

కాస్త తేరుకున్నాక అడిగాను, నేను ఏమీ అనకుండానే బ్రేకు ఎందుకు పట్టావని.

"నీ వణుకు ఆగిపోయింది వదినా."

నాకు అర్థం కాలేదు. గంట చెప్పింది. తన హ్యాండిలు నా సీటు గొట్టానికే ఉంది కదా. నా మోకాళ్ళు వణికితే ఆ వణుకు గొట్టంలోంచి తన అరచేతుల్లోకి వస్తుందట. దిగుడు మొదలైన దగ్గర నుంచి అయిపోయేదాకా, ప్రతి ఆదివారం. ఈసారి బ్రేకు వదిలాక ఆ వణుకు ఒక్కసారిగా ఆగింది. గొట్టం చచ్చినట్టు అయిపోయింది. మాట లేకపోతే ఫరవాలేదు గానీ, వణుకు లేకపోతే ముందర వదిన లేనట్టే అనిపించి బలమంతా పెట్టి నొక్కేసిందట.

"మొదటి నుంచీ తెలుసా నీకు?"

"మొదటి రోజే తెలుసు."

"మరి ఒక్కసారైనా అడగలేదేం?"

"అడిగితే నువ్వు ఎక్కడం మానేస్తావుగా," అంది. తర్వాత తల వంచుకుని, "అయినా నువ్వు వణుకుతుంటేనే నాకు ధైర్యం. చూడాల్సినవన్నీ నువ్వు చూస్తున్నావు, నాకెందుకులే అనుకునేదాన్ని," అంది.

ఇన్నాళ్ళూ దాచానని మురిసిపోయిన భయాన్ని ఆ పిల్ల చేతుల్లోనే పెట్టి తిరిగాను. కోపం కూడా వచ్చింది, చెప్పొద్దూ. ఆ కోపంలోనే ఆమెని ఇంకా దగ్గరికి లాక్కున్నాను.

"ఎంత లోతు వదినా?"

లోయల సంగతి ఎప్పుడడిగినా, ఉందిలే ఓ మాదిరి అనేదాన్ని. ఈసారి అబద్ధం ఆడలేదు. లోయ అడుగు కనిపించలేదని, రాళ్ళు పడిన చప్పుడు రాలేదని, ఇంకొక్క అడుగు వేసి ఉంటే అని చెప్పి ఆపేశాను. గంట చెయ్యి నా మోచేతి పైన చొక్కాని వెతుక్కుని పట్టుకుంది. అలాంటి పట్టు నేనెప్పుడూ ఎరగను. వీధి దాటేటప్పుడు వేసే తేలిక చెయ్యి కాదు. గుడ్డతో పాటు చర్మం కూడా పిండేసింది.

సైకిలుని ముందు చక్రం పట్టి మెల్లగా లాగాను. లాగుతున్నంతసేపూ గంట కాలవలో కూర్చుని, వదినా ఉన్నావా, వదినా ఉన్నావా అంటూనే ఉంది. ఉన్నా, ఉన్నా అన్నాను. ముందు హ్యాండిలు కొంచెం వంగింది గానీ చక్రాలు తిరుగుతున్నాయి, బ్రేకులు పడుతున్నాయి. కర్ర గట్టు కింద దొరికింది. మోకాలికి నా రుమాలు కట్టాను. వచ్చిన దారినే పైకి నడిచాం, నేను బండి తోస్తూ, ఆమె నా చొక్కా పట్టుకుని. దార్లో ఒక పిట్ట అరిస్తే ఆమె ఉలిక్కిపడింది. ఎప్పుడూ పిట్ట అరిస్తే అది ఏ పిట్టో అడిగే మనిషి.

పైకి చేరేసరికి మధ్యాహ్నం దాటింది. అక్కడి నుంచి ఎక్కి వచ్చిన వైపే దిగాలి. అంతా నడిచే పోదామన్నాను. కానీ గంట మోకాలు వాచిపోయి కాలు ఆనడం లేదు. నడిస్తే చీకటి పడుతుంది. ఇటు వైపు రోడ్డు బాగుందని పొద్దున్నే కళ్ళారా చూశాను. ఎక్కక తప్పదు. నేను ఎక్కి, కాళ్ళు ఆనించి బండి నిలబెట్టాను. గంట సీటు మీద చెయ్యి వేసి చాలాసేపు అలాగే నిలబడిపోయింది. నేను తొందరపెట్టలేదు. చివరికి ఎక్కింది.

ఈసారి రెండు మాటల పద్ధతి తీసి అవతల పారేశాను. కొండ మొదలైన దగ్గర నుంచి నోరు మూయలేదు. ఇదిగో మట్టి, ఇదిగో పగులు, లోయ మన ఎడమ పక్క ఉంది, లోతే, కానీ మనకి దూరంగా ఉంది, ఇప్పుడు బస్సు బల్ల వస్తోంది, ఇప్పుడు మలుపు, నేను చూస్తున్నా, చూస్తూనే ఉన్నా. బండి నత్తనడక నడిచింది. పట్టు అనక్కర్లేకపోయింది. ముందు నుంచే పట్టి ఉంది. గాలి ముఖానికి తగిలేంత వేగమే లేదు. వెనక నుంచి నవ్వు రాలేదు.

సగం దిగాక నా సీటు కింద సన్నగా వణుకు మొదలైంది. నాదే అనుకున్నాను. చూసుకున్నాను. నా మోకాళ్ళు కుదురుగా ఉన్నాయి. వేళ్ళు కుదురుగా ఉన్నాయి. వణుకు గొట్టంలోంచి, వెనక నుంచి వస్తోంది. నాకు ఏడుపు ముంచుకొచ్చింది, అయినా మాట ఆపలేదు. నేను ఆగితే ఏమవుతుందో నాకు తెలుసు.

కొండ అయిపోయింది. తోటలు వచ్చాయి, ఇళ్ళు వచ్చాయి, చదును రోడ్డు వచ్చింది. వచ్చిందని గంటకి చెప్పాను. సరే వదినా అంది. పెడలు మాత్రం రాయిలా బరువుగా ఉంది. వెనక డ్రమ్ము రాసుకుంటున్న చప్పుడు ఆగలేదు. ఆమె ఇంకా బ్రేకు వదల్లేదు. వదులు అనాలి. గొంతు బాగానే ఉంది, మాట నాలుక చివరి దాకా వచ్చింది. అనలేదు. సీటు మీది నుంచి లేచి, బరువంతా పెడళ్ళ మీద వేసి, ఆ పట్టిన బ్రేకుతోనే ఇంటి దాకా తొక్కాను.